పుస్తకం తిరిగిచ్చేటప్పుడు

(గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక శాఖా గ్రంథాలయంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో పందొమ్మిదేళ్లు పనిచేశాను. అదిగో, ఆ కిటికీ పక్కనే నా టేబుల్ ఉండేది. పాఠకులు పుస్తకాల గురించి ఏమనుకుంటారో చెప్పమని నన్ను పిలిచారు. చాలా సంతోషం. ఎందుకంటే విమర్శకులు ఏమన్నారో వ్యాస సంపుటాల్లో దొరుకుతుంది. పండితులు ఏమన్నారో పీఠికల్లో దొరుకుతుంది. కూరగాయల సంచీలో నవల పెట్టుకుని ఇంటికెళ్లే మనిషి ఏమనుకున్నాడో మాత్రం ఎక్కడా దొరకదు. అది చెప్పే అవకాశం ఇవాళ నాకు వచ్చింది.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, పుస్తకం తిరిగిచ్చే ప్రతివాళ్లనీ "ఎలా ఉందండీ?" అని అడిగేదాన్ని. అందరూ "బాగుందండీ" అనేవాళ్లు. పెళ్లి భోజనం ఎలా ఉందంటే చెప్పే మాట అది. లాభం లేదని ఒక లాంగ్ నోట్‌బుక్ కొని, బాల్ పెన్నుకి దారం కట్టి, రిజిస్టర్ పక్కన పెట్టాను. అట్ట మీద ఒక్క ప్రశ్న రాశాను: "ఈ పుస్తకంలో మీరు ఎక్కడ ఆగారు?" బాగుందా, బాగాలేదా అని అడగలేదు. చదువుతూ చదువుతూ మనం ఎక్కడో ఒకచోట పుస్తకం ఒళ్లో పెట్టుకుని గోడ వైపు చూస్తాం కదా, ఆ చోటు ఏది అని అడిగాను. రెండు నెలలు ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. ఆ తర్వాత ఒక్కొక్కరే మొదలుపెట్టారు. నేను రిటైరయ్యేనాటికి ఏడు నోట్‌బుక్కులు నిండాయి. అవే ఈ టేబుల్ మీద ఉన్నవి.

ముందు 'బారిస్టర్ పార్వతీశం' సంగతి చెప్తాను. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి నవల, మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరు కుర్రాడు బారిస్టరు చదువుకని సీమకి, అంటే ఇంగ్లండుకి, వెళ్లడం కథ. మా నోట్‌బుక్కుల్లో దాని గురించి ఇరవై మంది దాకా రాశారు. అందరూ నవ్విన చోట్లే రాశారు. రైలు, ఓడ, టోపీ, ఇవే. ఒక్కావిడ మాత్రం ఏడ్చానని రాసింది. వాళ్లబ్బాయి అమెరికా వెళ్లి అప్పటికి నాలుగు నెలలు. పార్వతీశం ఇంట్లో చెప్పకుండా బయల్దేరతాడు కదా, ఆ రోజు పొద్దుపోయాక వాళ్లమ్మ ఎన్నిసార్లు వీధి గుమ్మంలోకి వచ్చి చూసుంటుందో అని ఆలోచిస్తే ఇక పేజీ తిప్పలేకపోయిందట. నేను ఆ నవల పదిసార్లు చదివి ఉంటాను. వాళ్లమ్మ గురించి నాకు ఒక్కసారీ ఆ ఆలోచన రాలేదు. ఆవిడ రాసింది చదివాక మాత్రం మళ్లీ పాత నవ్వు నవ్వలేకపోయాను. పుస్తకంలో ఒక్క అక్షరం మారలేదు. ఒక పాఠకురాలు రాసిన నాలుగు వరుసలు నా చదువునే మార్చేశాయి.

రెండోది కథ కాదు, ప్రయాణం. ఏనుగుల వీరాస్వామయ్య గారి 'కాశీయాత్ర చరిత్ర'. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే ఒకరి భాష ఇంకొకరికి తర్జుమా చేసి చెప్పే ఉద్యోగి. 1830 మే 18న చెన్నపట్నంలో బయల్దేరి, కడప, హైదరాబాదు, నాగపూర్, జబల్పూర్ మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా చూసుకుని, సముద్రం పక్క దారిన 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. దారి పొడుగునా స్నేహితుడికి రాసిన వివరాలే ఆ పుస్తకం. ఆయన పోయాక, 1838లో అచ్చయింది. పాత భాష. మా లైబ్రరీలో ఏళ్ల తరబడి ఎవరూ తీయలేదు. వెనక అంటించిన తేదీల చీటీ ఖాళీగా ఉండేది.

ఒకరోజు రిటైరైన లారీ డ్రైవర్ ఒకాయన వచ్చి, "అమ్మా, రోడ్ల గురించి ఏదైనా పుస్తకం ఉంటే ఇవ్వండి" అన్నాడు. నాకు ఇదే తోచింది, ఇచ్చాను. నెలైనా తేలేదు. పోయిందేమో అనుకున్నాను. నలభై రోజులకి పుస్తకంతో పాటు ఒక పాకెట్ డైరీ కూడా పట్టుకొచ్చాడు. రెక్సిన్ అట్ట, డీజిల్ మరకలు, చివర్లు నలిగిపోయి ఉన్నాయి. తెరిచి చూపించాడు. హైదరాబాదు నుంచి నాగపూర్, జబల్పూర్, అక్కడి నుంచి పైకి, తను బండి తోలిన రోజుల్లో రాసుకున్న వివరాలు. ఏ ధాబాలో నీళ్లు బాగుంటాయి, రాత్రి బండి ఆపడానికి ఎక్కడ భయం లేదు, పంక్చర్ షాపు ఎక్కడుంది, ఏ ఘాట్‌లో వానాకాలం జాగ్రత్తగా ఉండాలి. "ఈ పెద్దాయన కూడా ఇవే రాసుకున్నాడమ్మా. దిగడానికి చోటు, నీళ్లు, దొరికే సరుకులు. నా దారే ఈయన దారి" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం చూడాలి మీరు. దాదాపు నూట యాభై ఏళ్ల వెనకటి మనిషి తన రూట్‌లో ముందు వెళ్తూ కనిపించాడు ఆయనకి!

నోట్‌బుక్‌లో ఏం రాశాడో తెలుసా? "పల్లకీలో కూర్చున్నాయన రాశాడు. మోసినవాళ్లు రాసి ఉంటే ఇంకో పుస్తకం అయ్యేది." అంతే రాశాడు. కింద సంతకం పెట్టాడు. ఆ పుస్తకం మీద పెద్దవాళ్లు రాసిన వ్యాసాలు నేనూ చదివాను. నాకు మాత్రం ఈ రెండు వాక్యాలు గుర్తున్నంత గట్టిగా అవేవీ గుర్తులేవు.

ఇక అసలు గొడవ 'కాలాతీత వ్యక్తులు' మీద జరిగింది. డాక్టర్ పి. శ్రీదేవి గారు రాసిన ఒకే ఒక్క నవల. 1957లో 'తెలుగు స్వతంత్ర' పత్రికలో సీరియల్‌గా వచ్చింది. ముప్పై ఏళ్లు దాటిన కొత్తల్లోనే, 1961లో ఆవిడ పోయారు. ఆ నవలలో ఇందిరని చదివినవాళ్లు మర్చిపోలేరు. తండ్రి పట్టించుకోని ఇంటిని ఉద్యోగం చేసి తనే నడుపుతుంది. తనకేం కావాలో తనకి తెలుసు. ఆ మాట దాచుకోదు కూడా.

మా నోట్‌బుక్‌లో ముందు రాసింది ఒక రిటైర్డ్ మాస్టారు. ఇందిర స్వార్థపరురాలు, ఇలాంటి పాత్రలు ఆడపిల్లల చేతికి ఇవ్వకూడదు అని. పది రోజులకి దాని కింద ఆకుపచ్చ ఇంకుతో ఒకమ్మాయి రాసింది: "మాస్టారూ, నెలాఖర్న ఆ ఇంట్లో బియ్యం ఎవరి జీతంతో వచ్చాయి?" ఇంకొకరు కల్యాణి పక్షం తీసుకున్నారు. మరొకరు, వసుంధర గురించి ఎవరూ ఒక్క మాటా రాయలేదేంటని నిలదీశారు. మూడేళ్లలో నాలుగు పేజీలు నిండాయి. వీళ్లలో చాలామంది ఒకరి మొహం ఒకరు చూసి ఎరగరు.

మాస్టారు ఆ నవల మళ్లీ తీసుకెళ్లారు. నేను అడగలేదు, ఆయనే తీసుకున్నారు. తెచ్చాక చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చుని ఇలా రాశారు: "ఇందిర మీద నా అభిప్రాయం మారలేదు. ప్రకాశం మీద మారింది." అది చదివి నేను ఎంత ఆనందపడ్డానో చెప్పలేను. మొదటిసారి చదివినప్పుడు ఆయన కళ్లు ఇందిర తప్పులే వెతికాయి. పక్కనే నిలబడి, ఏ నిర్ణయమూ తీసుకోలేక, ఎవరో ఒకరి చాటున దాక్కునే మగవాడు అప్పుడు ఆయనకి కనపడలేదు. రెండోసారి కనపడ్డాడు. మనసు మొత్తం మార్చుకున్నానని రాసి ఉంటే నేను ఇంత నమ్మేదాన్ని కాదు.

నచ్చలేదు అనడం గురించి కూడా కొంచెం చెప్పాలి. మన దగ్గర ఇది పెద్ద తప్పు కింద లెక్క. పేరున్న పుస్తకం నచ్చలేదంటే మనకే చదవడం రాలేదేమో అని భయం. గ్రూప్స్‌కి ప్రిపేరయ్యే ఒక కుర్రాడు గోపీచంద్ గారి 'అసమర్థుని జీవయాత్ర' తీసుకెళ్లి మూడో రోజే తెచ్చేశాడు. సీతారామారావు అనే మనిషి లోపల్లోపల ఎలా కూలిపోతాడో చెప్పే నవల అది, తెలుగులో మనోవైజ్ఞానిక నవలల్లో మొదట చెప్పుకునేది. కుర్రాడు రాశాడు: "సగంలో ఆపేశాను. టెన్షన్ వచ్చింది. మంచి పుస్తకమే. ఇప్పుడు నాకు వద్దు." ఆ 'ఇప్పుడు' అన్న మాట చూడండి. పుస్తకాన్ని తక్కువ చేయలేదు, తన పరిస్థితీ దాచుకోలేదు. ఆ నవల ఎంత బలంగా పనిచేస్తుందో ఇంతకంటే బాగా ఎవరు చెప్తారు? మీ ఇంట్లో పిల్లలెవరైనా పుస్తకం సగంలో వదిలేస్తే దయచేసి తిట్టకండి. ఎక్కడ వదిలేశావని అడగండి.

పోటీ పరీక్షల గైడ్లు, వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు కూడా ఇక్కడ బాగా తిరిగేవి. వాటి గురించి ఎవరూ ఎక్కువ రాయలేదు. పనైపోయింది, ఇచ్చేశారు. నేనూ ఎక్కువ చెప్పను.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పాలా వద్దా అని రాత్రంతా ఆలోచించాను. విశ్వనాథ సత్యనారాయణ గారి 'వేయిపడగలు' నాకు చాలా ఇష్టం. ఆయన ఇరవై తొమ్మిది రోజుల్లో ఆశువుగా చెప్పిన నవల. పి.వి. నరసింహారావు గారు హిందీలోకి తెచ్చిన నవల. సుబ్బన్నపేట అనే ఊరి కథ అది. అందులో పసరిక పాత్ర అంటే నాకు ప్రాణం. ఆ పుస్తకం ఒక తాపీమేస్త్రీ తీసుకెళ్లాడు. సాయంత్రం పని దిగి, కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చినా గోళ్ల సందుల్లో సిమెంటు ఉండేది. పుస్తకం పాడవకూడదని పాత న్యూస్ పేపర్‌తో అట్ట వేసి చదివేవాడు. అంత పెద్ద నవలని రెండు నెలలు చదివి, పూర్తి చేసి, నోట్‌బుక్‌లో రాశాడు: "భాష గొప్పగా ఉంది. సుబ్బన్నపేటలో మా వీధి ఎక్కడుందో వెతుక్కుంటూ చదివాను. దొరకలేదు."

ఆ వారంలోనే ఊళ్లో పేరున్న పెద్దాయన ఒకరు వచ్చి ఆ పేజీ చూశారు. మహాకవి మీద ఇలాంటి రాతలేమిటి, తీసేయండి అన్నారు. నేను ఎదురు చెప్పలేదు. ఆయన వెళ్లాక తెల్ల కాగితం కత్తిరించి, జిగురు రాసి, ఆ మూడు వాక్యాల మీద అంటించాను. పెద్దాయన మాట కాదనలేకపోయానని అప్పుడు సర్దిచెప్పుకున్నాను. అది నిజం కాదు. నాకు ఇష్టమైన నవల గురించి ఆ మాట వినడం నాకే ఇష్టం లేకపోయింది.

మేస్త్రీ తర్వాత వచ్చినప్పుడు నోట్‌బుక్ తెరిచి చూశాడు. ఏమీ అనలేదు. కార్డు మీద ఉన్న పుస్తకం ఇచ్చేసి వెళ్లిపోయాడు. రెండేళ్లు రాలేదు.

రెండేళ్లకి వాళ్లమ్మాయి వచ్చింది, ఇంటర్ చదువుతోంది. "నాన్నకి 'ఏడు తరాలు' కావాలట" అంది. అలెక్స్ హేలీ 1976లో రాసిన 'రూట్స్'కి సహవాసి గారి తెలుగు, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. ఆఫ్రికాలో పల్లెటూళ్లో పుట్టిన కుంటా కింటేని పట్టి, ఓడలో అమెరికా తీసుకెళ్లి, బానిసగా అమ్మి, పేరు కూడా మార్చేస్తారు. పుస్తకం ఇస్తూ, తిరిగిచ్చేటప్పుడు మీ నాన్ననే రమ్మను తల్లీ అన్నాను.

వచ్చాడు. నేను లేచి నిలబడి, "తప్పు చేశానండీ" అన్నాను. ఆయన నోట్‌బుక్ తన వైపు లాక్కుని రాయడం మొదలుపెట్టాడు. కుంటాని టోబీ అని పిలిచిన చోట ఆగానని రాశాడు. వాళ్ల తాతకి అమ్మానాన్న పెట్టిన పేరు ఒకటట, పని చేయించుకున్న ఇళ్లవాళ్లు పిలిచింది ఇంకొకటట. ఓటర్ల జాబితాలోకీ, రేషన్ కార్డులోకీ ఆ రెండోదే ఎక్కింది. అసలు పేరు ఇంట్లో నానమ్మకి ఒక్కర్తికే తెలుసు, ఆవిడ మొగుడి పేరు నోటితో చెప్పదు. పోయేముందు మనవడి చెవిలో చెప్పిందట. ఆ పేరు మేస్త్రీ పేజీ కింద పెద్ద అక్షరాలతో రాశాడు. అది ఇక్కడ మైకులో చెప్పే హక్కు నాకు లేదు.

ఆ రాత్రి నేను మూడో నోట్‌బుక్ ఇంటికి తీసుకెళ్లాను. తడిగుడ్డ అద్ది, అద్ది, అంటించిన కాగితం మెల్లగా ఊడదీశాను. ఇంకు కొంత చెదిరింది, కానీ మూడు వాక్యాలూ చదవడానికి వస్తాయి. నలభై రెండో పేజీ. జిగురు మరక ఉంటుంది, చూడగానే తెలుస్తుంది. టీ తాగేటప్పుడు వచ్చి చూడండి. పక్క పేజీ ఖాళీగానే ఉంది, పెన్నుకి కొత్త రీఫిల్ వేయించాను.

నమస్కారం.