యుద్ధానికి పోయిన పట్టాలు: కాకినాడ–కోటిపల్లి రైలు కథ

(షాట్: కోటిపల్లి రేవు, పంటు మీద నుంచి, అంటే మనుషుల్నీ బళ్ళనీ గోదారి దాటించే పడవ)

ఆ స్తంభాలు కనబడుతున్నాయా? గోదారి మధ్యలో, నెత్తిన ఏమీ లేకుండా వరసగా నిలబడి ఉన్నవి. పాత రైలు బ్రిడ్జి కూలిపోగా మిగిలినవేమో అనుకుంటారు మొదటిసారి చూసినవాళ్ళు, నేనూ అలాగే అనుకున్నాను. కాదండీ. ఇవి పాత బ్రిడ్జివి కావు, కడుతూ కడుతూ ఉన్న బ్రిడ్జివి. (ఈ షాట్ కొన్నేళ్ళ కిందటిది, కామెంట్లలో తిట్టకండి.)

మరి ఈ ఒడ్డు దాకా ఉన్న పాత రైలు లైన్ ఏమైంది? మద్రాసు–కలకత్తా మెయిన్ లైన్ కోనసీమ జోలికి రాలేదు. ధవళేశ్వరం దాటాక గోదారి పాయలుగా చీలిపోతుంది, కింద ఎక్కడ దాటాలన్నా ఒక బ్రిడ్జితో పోదు. పైన రాజమండ్రి దగ్గరైతే 1900 నాటికే హేవలాక్ బ్రిడ్జి వచ్చేసింది. డెల్టాకి మాత్రం 1928లో కాకినాడ నుంచి ఒక బ్రాంచి లైన్ వేశారు. సుమారు 45 కిలోమీటర్లు, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి దాకా, అంటే సరిగ్గా గోదారి ఒడ్డు దాకా.

పన్నెండేళ్ళు నడిచింది, అంతే. రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది, ఇనుము కావాల్సొచ్చింది, 1940లో బ్రిటిష్ వాళ్ళు పట్టాలు పీకి పట్టుకుపోయారు. అప్పట్లో దేశంలో ఇంకొన్ని బ్రాంచి లైన్లకీ ఇదే గతి. యుద్ధం 1945లో అయిపోయింది కానీ మన పట్టాలు తిరిగి రావడానికి 2004 దాకా పట్టింది! అమలాపురం ఎంపీగా, లోక్‌సభ స్పీకర్‌గా ఉన్న జి.ఎం.సి. బాలయోగి గారు ఈ లైన్ కోసం గట్టిగా పట్టుబట్టారు. 2002 మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు, రైలు కూత వినకుండానే.

(షాట్: లెవెల్ క్రాసింగ్)

ఆ తర్వాత ఈ లైన్ మీద తిరిగిన బండి గురించి చెప్పకపోతే నాకు తోచదు. రైలు బస్సు. ఒక్కటే పెట్టె, లోపల కూర్చుంటే అచ్చం ఆర్టీసీ బస్సే. గేటు రాగానే బండి ఆగేది, అందులోంచే ఒకాయన దిగి, గేటు వేసి, బండి దాటాక మళ్ళీ గేటు తీసి, వచ్చి ఎక్కేవాడు. ఎదురు రైలు వచ్చే ప్రశ్నే లేదు కాబట్టి ఎవరికీ టెన్షన్ లేదు. తొందర ఉన్నవాళ్ళు ఎలాగూ బస్సెక్కేవాళ్ళు. కరోనాతో అదీ ఆగిపోయింది.

ఇక ఆ స్తంభాల సంగతి. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నర్సాపురం దాకా 57 కిలోమీటర్ల కొత్త లైన్ 2000–01లోనే మంజూరైంది. మూడు పాయలు దాటాలి: గౌతమి, వైనతేయ, వశిష్ఠ. బడ్జెట్ వచ్చిన ఏడు కాస్త కదలడం, రాని ఏడు పడుకోవడం. ఇది పూర్తయితే ఒక తమాషా ఉంది, చూడండి: సామర్లకోట, ద్రాక్షారామం, పాలకొల్లు, భీమవరం, పంచారామాల్లో నాలుగు, గోదారి జిల్లాల్లోంచి బయటికి వెళ్ళకుండానే రైల్లో చుట్టి రావచ్చు. ఐదోది అమరావతి, దానికి వేరే టికెట్ తీసుకోవాలి.

(షాట్: ముక్తేశ్వరం రేవు)

పంటు ఒడ్డుకి తగిలింది. వెనక స్కూటర్లు అప్పుడే స్టార్ట్ చేసేశారు, దిగకపోతే ఊరుకోరు. కెమెరా ఆపుతున్నా.