కొట్టుగదిలో దేవుడు

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలను పేరుపేరునా తలుచుకుంటే నాకిచ్చిన సమయంలో పావు వంతు అక్కడే అయిపోతుంది. మనసులోనే దణ్ణం పెట్టుకుంటున్నాను, మన్నించండి.

ఆహ్వానపత్రంలో నా అంశం ‘గ్రీకు పురాణగాథలు’ అని వేశారు. గాథలు చెప్పను. ట్రాయ్ యుద్ధం, మెడూసా తల, ఇకారస్ రెక్కలు మీరంతా చిన్నప్పుడే చదువుకున్నారు. ఈ బల్ల మీదికి చూడండి. రెండు చెవుల కొత్త మట్టి జాడీ, దానికో మూత, కాస్త తెల్ల ఉన్ని, ఆలివ్ నూనె సీసా, చిన్న గిన్నెలో కలగలిపిన గింజలు. ఇవాళ నేను మాట్లాడేది గ్రీకుల ఇంటి పూజలోని ఈ జాడీ గురించి. వెనక వరుసలో వాళ్ళకు కనిపించకపోతే చెప్పండి, ఎత్తి చూపిస్తాను.

ఎందుకింత పట్టుదల అంటారా? వినాయకచవితి తీసుకోండి. పత్రి, ఉండ్రాళ్ళు, పాలవెల్లి, నిమజ్జనం ఏవీ చెప్పకుండా ఏనుగు తల కథ ఒక్కటే చెప్పి ‘ఇదీ వాళ్ళ మిథాలజీ’ అని ఎవరైనా పుస్తకం మూసేస్తే మనకెలా ఉంటుంది? గ్రీకు దేవతలకు సరిగ్గా అదే జరిగింది. కథలు మిగిలాయి, పూజ మరుగున పడింది. ఆ పూజను ఇవాళ మళ్ళీ ఇళ్ళలో చేసుకుంటున్న వాళ్ళు గ్రీసులో ఉన్నారు, అమెరికాలో ఉన్నారు, యూరప్‌లో ఇంకా చాలాచోట్ల ఉన్నారు. వాళ్ళను కథల పిచ్చివాళ్ళని అనుకోవడం అన్యాయం. నా బాధంతా అదే.

ఈ పూజ తనంతట తాను పోలేదు. 392 నవంబరు 8న, గ్రీసును కూడా ఏలుతున్న క్రైస్తవ రోమన్ చక్రవర్తి థియోడోసియస్ ఒక శాసనం చేశాడు. గుళ్ళూ బలులూ సరే, అవి నిషేధిస్తారని ఎవరైనా ఊహిస్తారు. ఆ శాసనం ఇంట్లోకి కూడా వచ్చింది. ఇంటి దేవుడి ముందు నిప్పు పెట్టకూడదు, వైన్ పొయ్యకూడదు, ధూపం వెయ్యకూడదు, దీపం వెలిగించకూడదు, దండ వేలాడదీయకూడదు. ధూపం పొగ లేచినట్టు రుజువైతే ఆ ఇల్లే ఖజానాకు జప్తు. ఒక్కసారి ఆలోచించండి: సాంబ్రాణి వాసనకు ఇల్లు పోతుంది! మతం ప్రాణం ఎక్కడుందో ఆ శాసనం రాసినవాడికి బాగా తెలుసు. గుడిలో కంటే ఎక్కువగా అది వంటింట్లో, గుమ్మంలో, కొట్టుగదిలో ఉంది.

ఆ సంగతి ఏథెన్స్ వాళ్ళకూ తెలుసు. అర్కాన్ అనే పెద్ద అధికారి పదవికి ఎంపికైన మనిషిని సభలో నిలబెట్టి అడిగే ప్రశ్నలను అరిస్టాటిల్ పేరు మీద ఉన్న ‘ఏథీనియన్ల రాజ్యాంగం’ చెబుతుంది. నీ తండ్రి ఎవరు, తల్లి ఎవరు. ఆ వెంటనే, నీకు అపోలో పాత్రోయోస్, జియస్ హెర్కెయోస్ ఉన్నారా, వాళ్ళ స్థానాలు ఎక్కడ? పాత్రోయోస్ అంటే వంశపు అపోలో. హెర్కెయోస్ అంటే ప్రహరీ లోపలి జియస్, దేవతల రాజే. ఇంటి దేవుణ్ని చూపలేనివాడికి అధికారం లేదన్నమాట.

ఇక ఇప్పటి సంగతి. 1997లో గ్రీసులో ఈ మతస్తులు తమకంటూ ఒక అత్యున్నత మండలి ఏర్పాటు చేసుకున్నారు. 2007 జనవరిలో ఏథెన్స్‌లో ఒలింపియన్ జియస్ ఆలయ శిథిలాల దగ్గర ఒక బృందం బహిరంగంగా ప్రార్థన చేసింది. 2017లో ప్రభుత్వం నుంచి ‘తెలిసిన మతం’ అన్న గుర్తింపు వచ్చింది. గ్రీసు రాజ్యాంగం 13వ అధికరణం వాడే మాట అదే. ఇలాంటప్పుడల్లా పత్రికల్లో ఫొటోలు పడతాయి. తెల్ల వస్త్రాలు, పాలరాతి స్తంభాలు, చేతులెత్తిన జనం. ఆ జనం ఇంటికి వెళ్ళి పొద్దున్నే ఏం చేస్తారో ఏ ఫొటోలోనూ ఉండదు.

పొద్దున్నే వాళ్ళు మొట్టమొదట చేసేది చేతులు కడుక్కోవడం. చేతులు కడుక్కోకుండా జియస్‌కు వైన్ పొయ్యవద్దు, దేవతలు నీ మాట వినరు అని ప్రాచీన గ్రీకు కవి హెసియడ్ రైతు జీవితం గురించిన తన కావ్యంలో గట్టిగా చెప్పాడు. ఆ నీళ్ళను ఖెర్నిప్స్ అంటారు. చెయ్యడం తేలిక. గిన్నెలో ఓ గ్లాసుడు శుభ్రమైన నీళ్ళు, అందులో చిటికెడు ఉప్పు. పూర్వం బలిపీఠం మీద మండే కొరివిని నీళ్ళలో ముంచేవారు. ఉప్పు వెయ్యడం ఇప్పటి వాళ్ళ అలవాటు, సముద్రపు నీరు మైల పోగొడుతుందన్న పాత నమ్మకానికి గుర్తుగా. ఇప్పుడు కొరివికి బదులు ఎండిన బే ఆకును అంటించి, మంట ఉండగానే ముంచుతారు. సుయ్యిమని చప్పుడు రావాలి. చాలామంది ఇక్కడే పొరపడతారు. ఆకు పూర్తిగా కాలి నుసి అయ్యేదాకా ఆగితే నీళ్ళలో పడేది బూడిదే, నిప్పు కాదు. చేత్తో పట్టుకుంటే కంగారులో ముందే వదిలేస్తారు, కాబట్టి పటకారుతో పట్టుకోండి. తరవాత రెండు చేతులూ కడుక్కొని, ముఖం మీద కాస్త చల్లుకొని, పూజ చేసే చోట నాలుగు చుక్కలు చిలకరిస్తారు. మిగిలినవి పారబోస్తారు, రేపటికి దాచరు.

మైల అన్నాను కదా, ఆ మాట కావాలనే వాడాను. గ్రీకులో మియాస్మా అంటారు. ఇంగ్లీషు పుస్తకాల్లో దాన్ని పాపంలాగా అనువదించినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. పురిటి మైల, చావు మైల ఉన్న మన భాషలో ఆ చిక్కే లేదు. పురుడొచ్చిన ఇంట్లో ఎవరూ తప్పు చెయ్యలేదు, అయినా మైల ఉంటుంది. ఏథెన్స్‌లో చావు జరిగిన ఇంటి గుమ్మం బయట నీళ్ళ కుండ పెట్టేవారు, ఆ నీళ్ళు కూడా వేరే ఇంటి నుంచి తెచ్చినవి. పలకరించి వెళ్ళేవాళ్ళు అందులో చేతులు కడుక్కొని పోయేవారు. ఈ ఆచారం గురించి మీకు నేను వివరించాలా?

చేతులు కడిగాక హెస్టియా. ఆవిడ పొయ్యి దేవత. మొదటి చుక్కా ఆవిడకే, చివరి చుక్కా ఆవిడకే. ఆవిడ లేకుండా మనుషులకు విందే లేదని హోమర్ పేరున్న స్తోత్రం ఒకటి చెబుతుంది. పొయ్యి లేని ఫ్లాట్‌లో ఒక దీపమో కొవ్వొత్తో చాలు. గ్యాస్ స్టవ్ ముందు నిలబడి చేసుకునేవాళ్ళూ ఉన్నారు, అందులో తప్పేమీ లేదు.

ప్రార్థన నిలబడి చేస్తారు. ఒలింపస్ కొండ మీది దేవతలకైతే అరచేతులు పైకి, పాతాళ దేవతలకైతే కిందికి. మాటలకు ఒక వరస ఉంది. ముందు పిలుపు: దేవుడి పేరు, బిరుదులు, ఉండే చోటు. తరవాత గుర్తుచెయ్యడం: మన మధ్య ఇదివరకు ఉన్న ఇచ్చిపుచ్చుకోవడం. ఆ తరవాతే కోరిక. హోమర్ కావ్యం ఇలియడ్ మొదట్లోనే పూజారి క్రిసీస్ అపోలోను అలాగే పిలుస్తాడు: నీకు గుడి కప్పు వేయించి ఉంటే, నీకు కొవ్వు వేసి తొడలు కాల్చి ఉంటే, నా ఈ ఒక్క కోరిక తీర్చు. దీన్ని బేరం అని తేలిగ్గా తీసెయ్యకండి. ఖారిస్ అంటారు దీన్ని. రెండు వైపులా నడిచే దయ అది. వచ్చీపోయే ఇళ్ళ మధ్య గిన్నె ఖాళీగా తిరిగి పంపకపోవడం లాంటిది.

ఇక పోసేది. స్పోండే అంటే కొంచెం పోసి మిగతాది తాగడం. ఖోయే అంటే మొత్తం పొయ్యడం. అది చనిపోయినవాళ్ళకు, నేల కింది దేవతలకు. ఈ రెంటినీ కలిపేయడమే కొత్తవాళ్ళు ఎక్కువగా చేసే తప్పు. పితరులకు పోసింది మీరు తాగకూడదు. వైన్‌లో నీళ్ళు కలపాలి. హెసియడ్ లెక్క మూడు వంతులు నీళ్ళు, నాలుగోది వైన్. మందు ముట్టనివాళ్ళకు అడ్డేమీ లేదు. నీళ్ళు, పాలు, తేనెతో చేసే మద్యం లేని నైవేద్యాలు ఆనాడూ ఉన్నాయి. రోజూ ఒక చెంచాడు చాలు. ఫ్లాట్‌లో ఉండేవాళ్ళు గిన్నెలో పోసి, తరవాత చెట్టు మొదట్లో పారబోస్తారు. పూలకుండీలో రోజూ పొయ్యకండి. చక్కెరకు దోమల్లాంటి చిన్న ఈగలు ముసురుతాయి, పాలైతే రెండో రోజుకే కంపు. ధూపం వేసేవాళ్ళు బొగ్గుబిళ్ళను పళ్ళెంలో నేరుగా పెట్టొద్దు, పళ్ళెం పగులుతుంది. రెండు వేళ్ళ మందాన ఇసుక పోసి దాని మీద పెట్టండి. బిళ్ళంతా బూడిద రంగుకు తిరిగాకే శనగగింజంత బంక వెయ్యండి. తొందరపడితే బొగ్గు వాసనే వస్తుంది.

సమయం ఎంతైంది? ఫరవాలేదు, జాడీ దగ్గరికే వస్తున్నాను. దానికి ముందు నెల సంగతి తెలియాలి.

ఏథెన్స్ నెల మన తెలుగు నెల లాంటిదే, అమావాస్యతో ముగుస్తుంది. అధికమాసం కూడా ఉంది. మామూలుగా పొసెయిడెయోన్ నెలను రెండోసారి లెక్కపెట్టేవారు. తేడా ఒక్కటే, మనకు రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, వాళ్ళకు సూర్యాస్తమయంతో. నెల చివరి రోజు హెకాటే డెయిప్నోన్, అంటే కూడళ్ళ దేవత హెకాటేకు పెట్టే భోజనం. మర్నాడు నూమీనియా, కొత్త నెల. రెండో రోజు అగథోస్ డైమోన్‌ది, ఇంటిని కనిపెట్టుకొని ఉండే మంచి దేవత. ఇక్కడ పెద్ద చిక్కుంది. ఇంగ్లీషు క్యాలెండర్‌లో ‘న్యూ మూన్’ అని వేసిన రోజు నిజానికి అమావాస్య. నూమీనియా అంటే నెలవంక సాయంత్రం కనిపించే రోజు. పేరు చూసి మోసపోయి, హెకాటే రోజున నూమీనియా చేసేవాళ్ళు ఎందరో. తెలుగువాళ్ళు ఈ పొరపాటు చెయ్యరు, మన గోడ మీద పంచాంగం ఉంది.

హెకాటే రోజున ఇల్లు ఊడుస్తారు, పూజ బల్ల మీది బూడిద తీస్తారు, ఫ్రిజ్‌లో పాడైనవి పారేస్తారు, చిన్నాచితకా అప్పులు తీరుస్తారు. పొద్దుగూకాక రొట్టె, గుడ్డు, వెల్లుల్లి, ఒక చిన్న చేప పళ్ళెంలో పెట్టి మూడు దారుల కూడలిలో వదిలి, వెనక్కి చూడకుండా వచ్చేస్తారు. అరిస్టోఫనీస్ నాటకంలో ఒకరంటారు: డబ్బున్నవాళ్ళు నెలనెలా హెకాటేకు భోజనం పంపితే, పేదవాళ్ళు కింద పెట్టకముందే లాక్కుపోతారని. ఆ మాట పట్టుకొనే ఇప్పుడు చాలామంది ఆ రోజు ఆకలితో ఉన్నవాళ్ళకు బియ్యమో పప్పో ఇస్తున్నారు. నాకైతే అదే సరైనదనిపిస్తుంది. దయచేసి వినండి, ఇది మాత్రం మర్చిపోవద్దు: ఉల్లి, వెల్లుల్లి కుక్కలకూ పిల్లులకూ విషం. హెకాటేకు కుక్క ఇష్టమైన జంతువు. ఆవిడ పేరు చెప్పి వీధికుక్క నోటి ముందు వెల్లుల్లి పెట్టడం ఏం భక్తి? ప్లాస్టిక్ పళ్ళెంతో సహా కూడలిలో వదిలి రావడం ఏం శుభ్రత? మీ గుమ్మం బయట పెట్టండి, పొద్దున్నే తీసేయండి. ఆవిడ గుమ్మాల దేవత కూడా.

ఇప్పుడు జాడీ. ఇది జియస్ క్టేసియోస్‌ది. ఇంట్లో ఉన్న సొత్తును కాచేవాడు. మెరుపు విసిరే జియసే, కానీ ఇక్కడ కొట్టుగదిలో, పప్పులూ నూనెల మధ్య కూర్చుంటాడు. థెస్పియైలో దొరికిన ఒక రాతి మీద ఈయన పాము రూపంలో ఉన్నాడు. నాగులచవితికి పుట్టలో పాలు పోసేవాళ్ళకు ఆ రాయి చూపించాలని నా కోరిక. ఏథెన్స్‌లో కిరోన్ అనే ముసలాయన ఈ పూజను పనివాళ్ళనూ పరాయివాళ్ళనూ రానివ్వకుండా, మనవళ్ళను మాత్రం దగ్గర కూర్చోబెట్టుకొని చేసేవాడు. ఆయన పోయాక ఆస్తి తగాదా వచ్చింది. మనవళ్ళు కోర్టులో చెప్పుకున్న సాక్ష్యాల్లో ఇదొకటి: తాతయ్య మమ్మల్ని క్టేసియోస్ పూజకు కూర్చోబెట్టుకున్నాడు, మేం ఆయన వాళ్ళమే. కోర్టు ప్రసంగాలు రాసిచ్చే ఇసయోస్ రాసిన ఆ వాదన ఇప్పటికీ ఉంది.

చేసే పద్ధతి అంటిక్లైడీస్ అనే ఆయన రాశాడు, తరవాతి కాలపు గ్రీకు రచయిత అథినయోస్ దాన్ని ఎత్తిరాసి కాపాడాడు. కొత్తది, రెండు చెవులది, మూత ఉన్నది కావాలి. చెవులకు తెల్ల ఉన్ని చుట్టాలి. కుంకుమపువ్వు రంగు దారం ప్రస్తావన కూడా ఉంది గానీ ప్రతుల్లో ఆ వాక్యం చెడిపోయింది, కాబట్టి ఎవరైనా ‘ఇలాగే కట్టాలి’ అని గట్టిగా చెబితే నమ్మకండి. లోపల పొయ్యాల్సింది అంబ్రోసియా. అంబ్రోసియా అంటే దేవతల అమృతం అని కథల పుస్తకాలు చెబుతాయి. అంటిక్లైడీస్ చెప్పింది వినండి: మంచి నీళ్ళు, ఆలివ్ నూనె, అన్ని రకాల గింజలూ పళ్ళూ. అంతే. అమృతం మన కొట్టుగదిలోనే ఉంది.

ఇదిగో పోస్తున్నాను. అరలీటరు జాడీ, మూడువందల మిల్లీలీటర్ల నీళ్ళు. గింజలు పిడికెడు: గోధుమ, బార్లీ, మసూరు, శనగ, నువ్వులు, రెండు ఎండుద్రాక్ష, ఒక అంజీరు ముక్క. అంతకన్నా ఎక్కువ వద్దు, శనగ నాని రెండింతలవుతుంది. పైన రెండు చెంచాల నూనె. చూడండి, నూనె పచ్చటి పొరలా పైకి తేలింది, గింజలన్నీ దాని కింద ఉన్నాయి. అలాగే ఉండాలి. ఒక్క గింజ నూనె పైకి తేలినా బూజు అక్కణ్నుంచే మొదలవుతుంది. తేలేవాటిని చెంచాతో తీసేయండి.

నాలుగైదు రోజుల్లో బుడగలు వస్తాయి, పుల్లటి వాసన వస్తుంది. దేవుడు అలిగాడని భయపడొద్దు. నానిన గింజ పులుస్తుంది, అది దాని గుణం. నెలనెలా మార్చడం ఇప్పటివాళ్ళ అలవాటు, అంటిక్లైడీస్ ఆ మాట అనలేదు. హెకాటే రోజున చెట్టు మొదట్లో ఒంపేసి, కడిగి ఆరబెట్టి, నూమీనియా నాడు మళ్ళీ నింపుతారు. సింకులో పొయ్యకండి, నానిన గింజలూ నూనే కలిసి గొట్టం మూసుకుపోతుంది. మెరుగు లేని మట్టి జాడీ చెమర్చి నూనె అరకు పడుతుంది, కాబట్టి కింద పళ్ళెం పెట్టండి.

మూత మాత్రం మైనంతో బిగించకండి. లోపల పులిసేటప్పుడు గాలి పుడుతుంది, జాడీ పగిలిపోతుంది. ఇలా, ఊరికే పైన పెట్టండి చాలు. ఉన్ని చెవికి రెండు చుట్లు, వదులుగా ఒక ముడి. ఉన్ని ఇంకా మిగిలింది, కావలసినవాళ్ళు ముందుకొచ్చి తీసుకోండి.