గోడ మీద కుంకుమ బొట్టు

శ్రోతలకు నమస్కారం. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చిన ఆడవాళ్లతోనూ, వాళ్లను కనిపెట్టుకుని ఉండే ఇంటివాళ్లతోనూ ఈ పూట నాలుగు మాటలు మాట్లాడాలని వచ్చాను.

ఆపరేషన్ అయిన వైపు చేతిని మడిచి, పొట్టకు ఆనించి, పైన కొంగు కప్పుకుని కూర్చునేవాళ్లు చాలామంది. ఎందుకమ్మా అలా అంటే, "కదిపితే కుట్లు ఊడిపోతాయేమోనని" అంటారు. పక్కనున్న అత్తగారో అక్కయ్యో "మంచినీళ్ల గ్లాసు కూడా మేమే అందిస్తున్నామండీ, చెయ్యి కదపనివ్వడం లేదు" అంటారు. ఎంతో ప్రేమతో చేసే పని అది. కానీ ఆ చేతికి కావలసింది కదలిక.

చాలామందికి ఈ ఆపరేషన్‌లో చంకలోని లింఫు గ్రంథులు, అంటే ఒంట్లో ఊరే నీటిని వడగట్టే చిన్న గడ్డలు కూడా తీస్తారు. గాయం మానే క్రమంలో లోపలి కండ, చర్మం గట్టిపడి ముడుచుకుంటాయి. కదలని భుజం పట్టేస్తుంది. కొందరికి చంకలోంచి మోచేతి దాకా, చర్మం కింద వీణ తీగ బిగించినట్టు సన్నటి తాళ్లు తగులుతాయి. వాటిని చూసి జబ్బు తిరగబెట్టిందని హడలిపోతారు. అది జబ్బు కాదమ్మా. సాగదీసే వ్యాయామాలతో ఎక్కువమందికి కొన్ని వారాల్లో, కొన్ని నెలల్లో తగ్గిపోతుంది. ఒకసారి డాక్టరుకు చూపించుకుంటే మనసు కుదుటపడుతుంది.

ఇంకో సంగతి. తర్వాత రేడియేషన్ పెట్టాల్సి వస్తే సాధారణంగా చెయ్యి తల పైకి ఎత్తి, కదలకుండా పడుకోవాలి. అంత ఎత్తు లేవకపోతే ఆ చికిత్స మొదలుపెట్టడమే కష్టమవుతుంది.

మొదటి రోజుల్లో చేసేవి చాలా తేలిక. డాక్టరు సరేనన్నాక మర్నాటి నుంచే గుప్పిట మూసి తెరవండి. చుట్టిన చేతిరుమాలు పిసికినా చాలు. మోచెయ్యి మడిచి చాపండి. రెండు భుజాలూ చెవుల దాకా ఎత్తి వదలండి, మెల్లగా వెనక్కి తిప్పండి. పడుకున్నప్పుడు చేతిని గుండెకన్నా కాస్త ఎత్తులో, దిండ్ల మీద ఉంచండి. అన్నం ఆ చేత్తోనే తినండి, తలా దువ్వుకోండి. గాయంలో ఊరే నీరు బయటికి పోవడానికి పెట్టే డ్రెయిన్ గొట్టం ఉన్నన్నాళ్లూ, డాక్టరు చెప్పేదాకా, మోచెయ్యి భుజం ఎత్తు దాటకూడదు. జాకెట్టు వేసుకునేటప్పుడు ముందు ఆ చేతిని దూర్చండి, విప్పేటప్పుడు దాన్ని చివర తీయండి. ముందు వైపు హుక్సులున్నవైతే సుఖం.

గొట్టం తీశాక, డాక్టరు అనుమతితో, అసలు పని మొదలవుతుంది. వెల్లకిలా పడుకుని గొడుగునో చేతికర్రనో రెండు చేతులతో అడ్డంగా పట్టుకోండి. బాగున్న చేతి సాయంతో మెల్లగా తల వైపు ఎత్తండి. లాగినట్టు అనిపించిన చోట అయిదు అంకెలు లెక్కపెట్టి దించండి. అలా అయిదు నుంచి ఏడుసార్లు. తర్వాత రెండు చేతులూ మెడ వెనక చేర్చి మోచేతులను పరుపు వైపు వాల్చండి. మొదట్లో పరుపుకు ఆనవు, ఫర్వాలేదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది గోడ వ్యాయామం. గోడకు ఎదురుగా నిలబడి వేళ్లను చీమ పాకినట్టు పైకి పాకించండి. ఇక చాలనిపించిన చోట చిన్న కుంకుమ బొట్టు పెట్టండి. బాగున్న చేతిని కూడా పాకించి, అది చేరిన చోట ఇంకో బొట్టు. ఆ రెండు బొట్ల మధ్య దూరమే మీరు నడవాల్సిన దారి. ఒకరోజు వేలెడు ఎక్కుతారు, మర్నాడు ఎక్కరు. కిందటి రోజుకన్నా దిగినా దిగులు పడొద్దు, అలసిన రోజు అంతే. పక్కకు తిరిగి నిలబడి కూడా ఇలాగే చేయాలి.

నొప్పి సంగతి అందరూ అడుగుతారు. లాగినట్టు, బిగుతుగా ఉంటే కొనసాగించవచ్చు. పొడిచినట్టుంటే ఆపండి. స్నానం చేసిన వెంటనే, ఒళ్లు వెచ్చగా ఉన్నప్పుడు చేస్తే తేలికగా సాగుతుంది.

2021లో బ్రిటన్‌లో ఒక అధ్యయనం వెలువడింది. భుజం పట్టేసే అవకాశం ఎక్కువగా ఉన్న 392 మందిని తీసుకుని, కొందరికి కరపత్రాలు మాత్రం ఇచ్చారు. మిగతావాళ్లతో ఆపరేషన్ అయిన 7 నుంచి 10 రోజుల్లోనే ఫిజియోథెరపిస్టు దగ్గర వ్యాయామం మొదలుపెట్టించారు. ఏడాది తర్వాత చెయ్యి బాగా పనిచేసింది ఈ రెండో గుంపువాళ్లకే. కాబట్టి వీలైతే ఒక్కసారైనా ఫిజియోథెరపిస్టును కలవండి. రొమ్మును తిరిగి రూపొందించే ఆపరేషన్ కూడా అయినవాళ్లకు నియమాలు వేరు, వాళ్లు సర్జను చెప్పిందే చేయాలి.

బిందె, బకెట్టు, చంటిబిడ్డ వంటి బరువులు డాక్టరు చెప్పేదాకా ఎత్తొద్దు. ఇంటివాళ్లూ, మీ ప్రేమ అక్కడ చూపించండి. తల మాత్రం ఆమెనే దువ్వుకోనివ్వండి.

గాజులు వేసుకునేవాళ్లు ఆ చేతి గాజు మీద ఒక కన్నేసి ఉంచండి. నిన్నటిదాకా వదులుగా తిరిగిన గాజు ఇవాళ బిగిసిందంటే చేతికి నీరు పట్టడం మొదలై ఉండవచ్చు. ఉంగరమైనా, జాకెట్టు చెయ్యి అయినా అంతే. తొందరగా చూపించుకుంటే అదుపులో పెట్టుకోవచ్చు. చెయ్యి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం కూడా వస్తే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.