నీరు పోయినా రూపం నిలవాలి: పూలను ఇంట్లో ఎండబెట్టే పద్ధతులు

[దృశ్యం: బల్ల మీద రెండు గులాబీలు. ఒకటి ముడుచుకుపోయి నల్లబడింది. రెండవది ఎండినప్పటికీ విప్పారినట్టే ఉంది.]

ఈ రెండు గులాబీలను ఒకే మొక్క నుంచి, ఒకే ఉదయం కోశాము. మొదటిదాన్ని కిటికీ పక్కన అలాగే వదిలేశాము. రెండవదాన్ని సిలికా జెల్‌లో పూడ్చిపెట్టి ఆరు రోజుల తరువాత బయటికి తీశాము. ఇప్పుడు రెండింటిలోనూ నీరు దాదాపుగా లేదు. తేడా అంతా ఆ నీరు ఏ విధంగా పోయిందన్న దానిలోనే ఉంది.

తాజా పూరేకు బరువులో అధిక భాగం, చాలా పూలలో 80 శాతానికి పైగా, నీరే. కణాలు నీటితో నిండి బిగువుగా ఉన్నంత వరకే రేకు విప్పారి నిలబడుతుంది. నీరు తగ్గేకొద్దీ ఆ బిగువు సడలి, అది తన బరువును తానే మోయలేక ముడుచుకుంటుంది. కాబట్టి ఎండబెట్టే పద్ధతి ఏదైనా, మనం మొదట వేసుకోవలసిన ప్రశ్న ఒకటే: నీరు పోతున్న ఆ కొన్ని రోజులూ రేకును పట్టి ఉంచేది ఏది?

కోసే వేళ కూడా ముఖ్యమే. ఉదయం మంచు ఆరిన తరువాత, ఎండ ముదరకముందు, ఇంకా పూర్తిగా విచ్చుకోని పూలను కోయాలి. ఎండే క్రమంలో కూడా పూలు కొంత విచ్చుకుంటాయి కనుక, పూర్తిగా విరిసినవాటి రేకులు తరువాత రాలిపోతాయి. తడిసిన పూలను మాత్రం ఏ పద్ధతిలోనూ వాడవద్దు.

[దృశ్యం: చీకటి గదిలో తలకిందులుగా వేలాడుతున్న పూలగుత్తులు.]

అన్నింటికంటే సులువైన పద్ధతి తలకిందులుగా వేలాడదీయడం. ఇక్కడ పూవుకు ఆధారం భూమ్యాకర్షణే. నిలువుగా ఉంచిన పూవు మెత్తబడగానే తల వాల్చేస్తుంది, వేలాడదీసినది మాత్రం నిటారుగా ఉండగానే కాడ గట్టిపడిపోతుంది. కింది ఆకులు తీసివేసి, ఐదారు కాడలకు మించకుండా ఒక్కొక్క గుత్తిగా కట్టి, గాలి ఆడే చీకటి చోట రెండు మూడు వారాలు ఉంచాలి. దారానికి బదులు రబ్బరు బ్యాండు వాడండి. ఎండినకొద్దీ కాడలు సన్నబడతాయి, దారం వదులై గుత్తి జారి కింద పడుతుంది. బొగడబంతి, సీతమ్మజడ, కాగితపు పూలు, లావెండర్ వంటివాటికి ఇంతకుమించిన శ్రమ అక్కరలేదు, ఎందుకంటే పుట్టుకతోనే అవి కాగితంలా పలుచగా, తక్కువ నీటితో ఉంటాయి. మందారం, తామర, లిల్లీ వంటి కండగల పూలను ఇలా వేలాడదీస్తే నిరాశే మిగులుతుంది.

[దృశ్యం: గాలి చొరబడని డబ్బాలోకి గుళికలు పోస్తున్న చేతులు.]

గులాబీ వంటి దళసరి పూలకు సిలికా జెల్ మేలైనది. పేరులో జెల్ ఉన్నా అది జిగురు పదార్థం కాదు. సూక్ష్మ రంధ్రాలతో నిండిన సిలికాన్ డయాక్సైడ్ గుళికలు. తేమ బాగా ఉన్నచోట అవి తమ బరువులో సుమారు మూడో వంతు నీటిని పట్టుకోగలవు. అంటే ఇక్కడ ఒకే పదార్థం రెండు పనులు చేస్తుంది: నీటిని లాగుతుంది, రేకును నలువైపులా పట్టి ఉంచుతుంది. పూల కోసం ఇసుకలాంటి సన్నని రకాన్నే ఎంచుకోండి, పెద్ద గుళికలు రేకుల మీద గుంటలు వేస్తాయి. నీలం రంగు గుళికలలో హానికరమైన కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది కనుక వాటికి దూరంగా ఉండటం మంచిది. ఏ రకమైనా సరే, పోసేటప్పుడు లేచే దుమ్మును పీల్చకుండా మాస్కు పెట్టుకోవాలి.

డబ్బా అడుగున రెండు మూడు సెంటీమీటర్ల మందంలో గుళికలు పోసి, కాడను పొట్టిగా కత్తిరించిన పూవును నిలబెట్టండి. తరువాత చెంచాతో, తొందరపడకుండా, ముందు పూవు చుట్టూ, ఆ తరువాత రేకుల మధ్య పోస్తూ రండి. లోపలి మట్టం, బయటి మట్టం సమానంగా పెరగాలి. ఒకవైపే బరువు పడితే రేకు వంగిపోయి, ఆ వంకరలోనే ఎండుతుంది. పూవు పూర్తిగా మునిగాక మూత బిగించండి. చిన్న పూలకు రెండు మూడు రోజులు, గులాబీకి ఐదు నుంచి ఏడు రోజులు పడుతుంది.

ఇక్కడ నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. మూడవ రోజున రేకులు కాగితంలా గలగలమనడం విని, పని పూర్తయిందనుకుని పూవును బయటికి తీశాను. వారం తిరగకముందే అది తల వాల్చింది. రేకులు ఎండినా, తొడిమ దగ్గరి దళసరి భాగంలో తేమ మిగిలిపోయింది. అది మెల్లగా రేకుల్లోకి పాకింది. అటువంటి అనుమానం ఉంటే పూవును గుళికల పైభాగాన, పూడ్చకుండా, మూసిన డబ్బాలోనే మరి కొన్ని రోజులు ఉంచండి. వాడిన గుళికలను వంటకు ఉపయోగించని ఓవెన్‌లో 110 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ వద్ద రెండు గంటలు వేడి చేస్తే మళ్లీ పనికివస్తాయి.

సన్నని పొడి ఇసుకతోనూ ఇదే విధంగా చేయవచ్చు, కానీ మూత పెట్టకూడదు. ఇసుక రేకును పట్టి ఉంచుతుందే తప్ప నీటిని తాగదు. ఆ నీరు ఇసుక సందుల గుండా గాలిలోకి పోవాలి. ఈ తేడా తెలియక ఇసుక డబ్బాకు మూత పెట్టినవారికి చివరికి దక్కేది బూజు.

పూవును కాగితాల మధ్య పెట్టి నొక్కి ఎండబెట్టడంలో రేకుకు ఆధారం బరువే. బదులుగా పూవు తన లోతును వదులుకుంటుంది. 16వ శతాబ్దంలో మొక్కలను ఇలా ఎండబెట్టి కాగితాలకు అతికించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చినవాడిగా ఇటలీ వృక్షశాస్త్ర ఆచార్యుడు లూకా గినికి పేరుంది. 18వ శతాబ్దంలో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ సేకరించిన నమూనాలు లండన్‌లోని లిన్నియన్ సొసైటీలో నేటికీ ఉన్నాయి. నునుపైన కాగితం తేమను పీల్చదు కనుక బ్లాటింగ్ పేపర్ వాడండి. మొదటి వారం దాన్ని రోజూ మార్చండి. ఆ మార్పిడిలో బద్ధకించడం వల్లనే ఎక్కువ పూలు గోధుమ రంగుకు తిరుగుతాయి.

గ్లిజరిన్ పద్ధతి పూలకంటే ఆకులకే బాగా నప్పుతుంది. ఒక వంతు గ్లిజరిన్‌ను రెండు వంతుల గోరువెచ్చని నీటిలో కలిపి కాడలను అందులో నిలబెడితే, నీరు పోయిన చోటును గ్లిజరిన్ ఆక్రమిస్తుంది. ఆకు పెళుసుబారదు, కానీ రంగు ముదురుతుంది.

[దృశ్యం: తాజా పూల పక్కన అవే రకం ఎండిన పూలు, రంగుల వారీగా.]

రంగు విషయంలో ముందే కొంత రాజీపడాలి. ఎరుపు, ఊదా రంగులకు చాలావరకు కారణం ఆంథోసయనిన్లు అనే రంగు పదార్థాలు. నీరు తగ్గి అవి చిక్కబడటం వల్ల ఎర్ర గులాబీ దాదాపు నల్లగా కనిపిస్తుంది. నలుపు ఇష్టం లేకపోతే గులాబీ రంగు పూవును ఎంచుకోండి, అది చక్కని ఎరుపుకు తిరుగుతుంది. పసుపు, నారింజ పూలు సాధారణంగా తమ రంగును బాగా నిలుపుకుంటాయి. తెల్లపూలు గోధుమ రంగుకు మారడం, కోసిన ఆపిల్ ముక్క నల్లబడటం ఒకే కోవకు చెందినవి: ఎంజైములు ఆక్సిజన్‌తో కలిసి చేసే పని అది. తేమ ఉన్నంతసేపే ఎంజైములు పనిచేస్తాయి కాబట్టి, త్వరగా ఎండిన పూవే తెల్లగా మిగులుతుంది. ఎండ తగిలితే మాత్రం ఏ రంగైనా వెలిసిపోతుంది.

ఎండబెట్టడంతో పని సగమే అయినట్టు. ఎండిన పూవు గాలిలోని తేమను తిరిగి పీల్చుకుంటుంది. 1922లో బయటపడిన ప్రాచీన ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ సమాధిలో, సుమారు 3,300 ఏళ్ల తరువాత కూడా ఏ పూలో గుర్తుపట్టగలిగిన దండలు దొరికాయి. అక్కడ చీకటి, ఎడారి పొడిదనం రెండూ ఉన్నాయి. మన ఇంట్లో ఆ పొడిదనాన్ని మూసిన గాజు సీసాలో, అడుగున కొన్ని సిలికా గుళికలతో, మనమే కల్పించుకోవాలి. రెసిన్‌లో, అంటే పోశాక గాజులా గట్టిపడే ద్రవంలో, పోతపోయదలచినవారు పూవు పూర్తిగా ఎండిందని రెండుసార్లు నిర్ధారించుకోండి. లోపల చిక్కిన తేమను తరువాత తీసే మార్గం లేదు.

సీసాలో సన్నని పొడి రాలినట్టు కనిపిస్తే పురుగు చేరిందని అర్థం. పూలను ప్లాస్టిక్ సంచిలో గాలి చొరబడకుండా మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో వారం రోజులు ఉంచండి. బయటికి తీశాక సంచి గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా విప్పవద్దు. తొందరపడి విప్పితే గాలిలోని ఆవిరి చల్లని రేకుల మీద నీటిబొట్లుగా చేరుతుంది.