గోకొద్దంటే ఆగే దురద కాదు: ఎగ్జిమా మీద చర్చ

యాంకర్: అందరికీ నమస్కారం. ఇవాళ ఎగ్జిమా గురించి మాట్లాడుకుందాం, అంటే ఏళ్ళ తరబడి తగ్గుతూ మళ్ళీ వస్తూ ఉండే దురద. ఒక స్కిన్ డాక్టర్ గారు, ఒక ఆరేళ్ళ బాబు వాళ్ళమ్మగారు మనతో ఉన్నారు. అమ్మా, ముందు మీరు చెప్పండి.

తల్లి: మావాడికి అయిదో నెలలో బుగ్గలు కందినట్టు ఎర్రగా మొదలైందండీ, తర్వాత మోచేతి మడతల్లోకి, మోకాళ్ళ వెనక్కి వచ్చింది. పగలు ఆటల్లో పడి మర్చిపోతాడు, రాత్రయితే మాత్రం బరబరా గోకుడే, పొద్దున లేచి చూస్తే దిండు గలీబు మీద రక్తం చుక్కలు. స్కూల్లో గజ్జి అంటున్నారని వీడి పక్కన ఎవరూ కూర్చోవట్లేదు, నాకు అదే ఎక్కువ బాధ.

డాక్టర్: గజ్జి కాదమ్మా. గజ్జి సన్న పురుగు వల్ల వస్తుంది, అది అంటుకుంటుంది. ఎగ్జిమా ఎవరికీ అంటదు.

యాంకర్: మరి ఎందుకొస్తుందండీ?

డాక్టర్: పెంకుటింటి మీద పెంకులు జరిగితే వాన లోపలికి కారుతుంది కదా, వీళ్ళ చర్మం పైపొర అలా ఉంటుంది. లోపలి తేమ బయటికి పోతుంది, బయటి దుమ్ము, సబ్బు లోపలికెళ్ళి మంట పెడతాయి. ఈ పైపొరని గట్టిగా ఉంచే ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ జీన్‌లో తేడా ఉన్నవాళ్ళకి ఇది ఎక్కువ వస్తుందని 2006లో తేలింది. గోకితే పెంకులు ఇంకా జరుగుతాయి, దురద ఇంకా పెరుగుతుంది.

తల్లి: మా అత్తగారు వంకాయ, గోంగూర, గుడ్డు, చేప అన్నీ మాన్పించారు, వారం వారం శనగపిండితో నలుగు కూడా పెడతారు...

డాక్టర్: నలుగు ఆపేయండి, రుద్దుడు అసలే వద్దు. ఫలానాది తిన్న గంటా రెండు గంటల్లో దద్దుర్లు వచ్చాయంటే చెప్పండి, అది చూద్దాం, అంతేగానీ అన్నీ మాన్పిస్తే పిల్లాడు చిక్కిపోతాడు, దురద అక్కడే ఉంటుంది. గోరువెచ్చటి నీళ్ళతో పది నిమిషాల్లోపు స్నానం, టవల్‌తో అద్దాలి, తడి పూర్తిగా ఆరకముందే వాసన లేని మాయిశ్చరైజర్ ఒళ్ళంతా రాయాలి. చర్మం బాగున్న రోజు కూడా రాయాలి, అందరూ ఆపేసేది అప్పుడే. వారానికి 250 గ్రాములు అయిపోయినా ఎక్కువేం కాదు.

యాంకర్: అంత కొనాలంటే ఖర్చు కదండీ?

డాక్టర్: ఖరీదైందే కొనక్కర్లేదు, తెల్ల పెట్రోలియం జెల్లీ పెద్ద డబ్బా తెచ్చుకోండి చాలు.

తల్లి: స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ రాసిచ్చారు గానీ చర్మం పలచబడుతుందన్నారని భయమేసి సగం రోజులు రాయలేదండీ.

డాక్టర్: భయపడి అరకొరగా రాస్తే తగ్గదు, తగ్గలేదని మళ్ళీ మళ్ళీ రాయాల్సొస్తుంది. మీ చూపుడువేలు కొస నుంచి మొదటి గీత దాకా ట్యూబ్ నొక్కండి, అది సుమారు అర గ్రాము, వేళ్ళతో కలిపి మీ రెండు అరచేతులంత చోటుకి సరిపోతుంది. ఎర్రగా ఉన్నచోటే, డాక్టర్ చెప్పినన్ని రోజులే. నా కోపమంతా ఇంకోదాని మీద. తామర వస్తే, అంటే ఎగ్జిమా కాదు, గుండ్రంగా పాకే ఫంగస్ జబ్బు, మెడికల్ షాపుకెళ్ళి స్టెరాయిడ్, యాంటీఫంగల్, యాంటీబయాటిక్ కలిపిన క్రీమ్ అడిగి తెచ్చుకుంటారు, రెండ్రోజుల్లో దురద తగ్గుతుంది, ఫంగస్ మాత్రం హాయిగా పాకుతుంది, గుండ్రటి అంచు చెరిగిపోయి చివరికి మాకే గుర్తుపట్టడం కష్టమవుతుంది. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ క్రీములు చీటీ లేకుండా అమ్మొద్దంది, అయినా జనం చీటీ లేకుండానే తెచ్చుకుని నెలల తరబడి రాసుకుని వస్తున్నారు, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

తల్లి: రాత్రిళ్ళు చేతులకి సాక్సులు తొడుగుతున్నానండీ, లాగేస్తాడు.

డాక్టర్: గోళ్ళు పొట్టిగా కత్తిరించండి. మాయిశ్చరైజర్ ఫ్రిజ్‌లో పెట్టి, దురద లేచినప్పుడు చల్లగా రాయండి. పసుపు రసి కారినా, జ్వరంతో చిన్న పొక్కులు గుంపుగా వచ్చినా ఆ రోజే చూపించండి, తెల్లారేదాకా ఆగొద్దు.

తల్లి: స్కూలు సంగతి ఏం చెయ్యాలండీ?

డాక్టర్: బాబు పాత చీటీలు ఇటివ్వండి, ఇది అవ్వగానే చూసి టీచర్‌కి ఉత్తరం రాసిస్తా, అంటుకోదని పెద్దక్షరాల్లో. ఏ క్లాసు?

తల్లి: ఒకటో క్లాసండీ.