డెక్ పక్కన సామాన్ల లిఫ్ట్: రెయిలింగ్‌ని నమ్ముకోవద్దు

హోస్ట్: అందరికీ నమస్కారం. ఎత్తు మీద డెక్ ఉన్నవాళ్ళందరిదీ ఒకటే బాధ, కుండీలు, మట్టి బస్తాలు, నీళ్ళ క్యాన్లు అన్నీ మెట్లెక్కి మొయ్యాలి. పక్కన చిన్న లిఫ్ట్ పెట్టుకోవచ్చా అని అడుగుతున్నారు, అందుకే ఫ్యాబ్రికేషన్ చేసే అన్నని పిలిచాను. చెప్పన్నా.

అన్న: పెట్టుకోవచ్చు తమ్ముడూ. కాకపోతే బరువు లాగే మోటర్, అదే హాయిస్ట్‌ని రెయిలింగ్‌కి మాత్రం బిగించొద్దు. రెయిలింగ్ ఉన్నది మనిషి ఆనుకుంటే పడిపోకుండా ఆపడానికి, బరువు వేలాడదీయడానికి కాదు. మొదట్లో మా ఇంట్లో నేనూ అదే తప్పు చేశాను, నాలుగు బస్తాలు లాగేసరికి పోస్ట్ అడుగున బోల్ట్ దగ్గర చెక్క చీలింది, వెంట్రుకంత గీత, నిలబడి చూస్తే కనపడలేదు, వంగి వేలితో తడిమితే తెలిసింది. అప్పటికి పిల్లలు రోజూ అక్కడే ఆనుకుని ఆడుకుంటున్నారు.

హోస్ట్: అమ్మో! మరి దేనికి బిగించాలి?

అన్న: లిఫ్ట్‌కి దాని కాళ్ళు దానికుండాలి. రెండు స్టీల్ పోస్టులు, కింద కాంక్రీట్ ఫుటింగ్ అంటే పునాది, పైన అడ్డంగా బీమ్. డెక్‌కి వేసే బ్రాకెట్ ఊగకుండా పట్టుకోవడానికే, బరువంతా నేలకి దిగాలి. ఇంకోటుంది, లెక్క తప్పేది ఇక్కడే. మోటర్ బీమ్‌కే వేలాడదీసి 100 కిలోలు ఎత్తితే బీమ్ మీద ఆ 100, మోటర్ బరువు, అంతే కదా. అదే మోటర్‌ని నేల మీద పెట్టి పైన గిలక మీదుగా తాడు వేశావనుకో?

హోస్ట్: మోటర్ కిందికి వచ్చింది కాబట్టి పైన బరువు తగ్గుతుంది.

అన్న: అందరూ అలాగే అనుకుంటారు! బావి దగ్గర గిలక గుర్తు తెచ్చుకో, ఇటు బకెట్ కిందికి లాగుతుంది, అటు తాడు పట్టుకుని నువ్వూ కిందికే లాగుతావు. ఇక్కడా అంతే, గిలక మీద దగ్గర దగ్గర 200 కిలోలు పడుతుంది, స్టార్ట్ అయ్యేటప్పుడు వచ్చే కుదుపు దానికి అదనం. కింద మోటర్ కూడా పైకి లేవాలని చూస్తుంది కాబట్టి దాన్ని కాంక్రీట్‌లోకి బోల్ట్ వెయ్యాల్సిందే.

హోస్ట్: ఇది నేనసలు ఊహించలేదన్నా. మోటర్ మీద రెండు కెపాసిటీలు రాసుంటాయి కదా?

అన్న: పెద్ద నంబర్ తాడుని కదిలే గిలకలోంచి తిప్పి డబుల్‌గా వేస్తేనే, అప్పుడు స్పీడూ ఎత్తూ సగమైపోతాయి. సింగిల్‌గా వాడితే చిన్న నంబరే లెక్క, సామాను పెట్టే ట్రే బరువు కూడా అందులోకే వస్తుంది. ట్రే పూర్తిగా కిందికి దిగినా మోటర్‌కి తాడు చుట్టుకునే డ్రమ్ మీద కనీసం 3 చుట్లు మిగలాలి, ఎందుకంటే తాడుని పట్టి ఉంచేది ఆ చుట్ల రాపిడే, చివరున్న స్క్రూ కాదు.

హోస్ట్: పైన గేటు?

అన్న: డెక్ లోపలికే తెరుచుకోవాలి, బయటికి తెరిస్తే దాన్ని పట్టుకుని మనిషీ బయటికి పోతాడు. గేటు తెరిచుంటే మోటర్ కదలకుండా స్విచ్ పెట్టించు. కింద చుట్టూ కంచె కట్టు. కరెంటు లైన్‌కి 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్, తప్పనిసరి, వానలో తడిసేది కదా. ఇక మనిషి ఎక్కడం మాత్రం ఒక్కసారి కూడా వద్దు, పిల్లలకి రిమోట్ అందనివ్వకు.

హోస్ట్: అంతా బిగించాక టెస్ట్ ఎలా?

అన్న: బస్తాలు పెట్టి జానెడు ఎత్తులో ఆపి పది నిమిషాలు వదిలెయ్. ట్రే కొంచెం జారినా బ్రేక్ పట్టట్లేదని అర్థం, ఇంకా పైకి పంపొద్దు. ఆ పది నిమిషాలూ నువ్వు ట్రేకి దూరంగా నిలబడు.