కొత్త భవనం వద్దు, పాతదాన్ని కౌలుకివ్వండి

(తెర మీద: తాళం వేసిన పాత షెడ్డు. పిట్టగోడ పగుల్లోంచి రావి మొక్క.)

నమస్తే అండీ. మన వైపు చిన్న పట్టణాల గురించి ఎక్కడ మాట మొదలైనా రెండు సలహాలు వినబడతాయి. "కోటి రూపాయలు శాంక్షన్ చేయించి ఒక కళాభవనం కడదాం" అని ఒకాయన అంటాడు. "ముందు ఫ్యాక్టరీ రావాలయ్యా, మీ పాటలూ బొమ్మలూ తర్వాత" అని ఇంకొకాయన అంటాడు. ఈ రెండు మాటలూ నాకు మింగుడు పడవు. ఎందుకో ఈరోజు చెప్తాను.

పిల్లలు హైదరాబాద్, బెంగళూరు ఎందుకు పోతున్నారో మీకు చెప్పక్కర్లేదు. ముక్కనుమ మర్నాడు సాయంత్రం ప్రైవేటు బస్సులు ఆగే చోట నిలబడితే తెలిసిపోతుంది. నేను చెప్పేది, వాళ్లు పోయాక ఊళ్లో మిగిలిపోయే గోడల సంగతి.

మార్కాపురం తీసుకోండి. పలక మీద అక్షరాలు దిద్దిన తరం మనది. ఆ పలకల్లో ఎన్నో మార్కాపురం రాయే. నోటుపుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక చాలా కార్ఖానాలు మూతపడ్డాయి. అటు ఒంగోలు, టంగుటూరు దారిలో వాడకం తప్పిన, పొగాకు ఆరబెట్టే బ్యారన్లు ఉన్నాయి. ఇటు నెల్లూరు జిల్లాలో ఏ ఊరికి పోయినా మూతపడ్డ సినిమా హాలు ఒకటి కనబడుతుంది. అంటే భవనాలకేం కొదవ లేదు. వాటిలోకి అడుగుపెట్టే హక్కే మన పిల్లలకు లేదు.

ఇప్పుడు జర్మనీలో తూర్పు వైపున్న లైప్‌జిగ్ అనే నగరానికి పోదాం. 1930లలో అక్కడ ఏడు లక్షల పైచిలుకు జనం. 1990లో రెండు జర్మనీలూ కలిశాక తూర్పు వైపు కర్మాగారాలు వరసగా మూతపడి, పిల్లలు పడమటికి వెళ్లిపోయారు. 1998కి జనాభా 4.37 లక్షలకు పడిపోయింది. 2000 ప్రాంతంలో దాదాపు 60 వేల ఇళ్లు ఖాళీ. ప్రభుత్వం కూలగొట్టడానికి డబ్బులిచ్చింది.

2004లో అక్కడ కొందరు కలిసి హౌస్‌హాల్టెన్ అని ఒక సంఘం పెట్టారు. వాళ్లు చేసిందాన్ని మన భాషలో చెప్పాలంటే, కౌలు.

(తెర మీద: నెల్లూరు వరి పొలం.)

పొలం ఉన్న ఆసామి ఊళ్లో లేడు. బీడు పెడితే చిల్లచెట్లు మొలుస్తాయి, గట్లు తెగుతాయి, కాలవ పూడిపోతుంది. అందుకని ఇంకొకరికి కౌలుకిస్తాడు. పట్టా ఆయనదే, సాగు వాళ్లది. లైప్‌జిగ్‌లో ఇదే పని ఇళ్లతో చేశారు. ఇల్లు యజమానిదే. అద్దె లేదు. నీళ్లు, కరెంటు, పన్ను లాంటి ఖర్చులు మాత్రం లోపల ఉండేవాళ్లు పెట్టుకోవాలి. మామూలుగా ఐదేళ్ల ఒప్పందం. ఆ ఇళ్లలో చిత్రకారులు, సంగీతం వాళ్లు, సైకిళ్లు బాగుచేసేవాళ్లు, చిన్న చిన్న సంఘాలు చేరాయి. వాటికి కాపలా ఇళ్లని పేరు.

యజమానికి ఏం ఒరిగిందంటారా? ఇందాక చూసిన రావి మొక్క గుర్తుందా? ఖాళీ కట్టడాన్ని చంపేది అలాంటి మొక్కే. పిట్టగోడ మూల తూము దగ్గర ఆకులు చేరతాయి, తూము మూసుకుంటుంది, వాన నీళ్లు నిలుస్తాయి, పగుల్లో పడ్డ గింజ మొలుస్తుంది. నాలుగు వానాకాలాలు ఎవరూ చూడకపోతే వేరు గోడను చీల్చేస్తుంది. లోపల మనిషి ఉంటే మొదటి వానకే పైకెక్కి పీకేస్తాడు. బీడు పొలానికీ, సాగులో ఉన్న పొలానికీ ఉన్న తేడా ఇంతే.

"మా ఊళ్లో ఎవరిస్తారు, ఒకసారి దూరితే ఖాళీ చెయ్యరు" అని మీరు అనబోతున్నారు. ఈ భయమూ కౌలులో ఉన్నదే. పన్నెండేళ్లుంటే వాడిదే అయిపోతుందని ఊరూరా ఒక నమ్మకం. అది తప్పు. యజమాని అనుమతితో ఉన్న మనిషికి, ఎన్నేళ్లున్నా, ఆ ఉన్నంత మాత్రాన హక్కు రాదు. అందుకే అనుమతి కాగితం మీద ఉండాలి. పొలాల విషయంలో 2019లో మన రాష్ట్రం పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చింది. పదకొండు నెలల ఒప్పందం, యజమాని హక్కుకు ఢోకా లేదు, సాగుదారుకి కార్డు. పొలానికి ఇంత ఆలోచించినవాళ్లం మూతపడ్డ షెడ్డుకి ఎందుకు ఆలోచించం? నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఇక ఫ్యాక్టరీ ముందా, పాట ముందా అనే గొడవ. లైప్‌జిగ్ జనాభా ఇప్పుడు ఆరు లక్షలు దాటింది. అదంతా చిత్రకారుల పుణ్యమే అంటే నేను ఒప్పుకోను. పోర్షే, బీఎండబ్ల్యూ కర్మాగారాలు వచ్చాయి, పక్క గ్రామాలను నగరంలో కలిపారు, యూనివర్సిటీ ఎటూ ఉంది. కానీ 1884లో మొదలై, ఒకప్పుడు యూరప్‌లోనే అతి పెద్ద నూలు మిల్లుల్లో ఒకటిగా పేరుపడ్డ ష్పిన్నరై ఉంది చూశారూ, 1990లలో అక్కడ కదుళ్లు ఆగిపోతుండగానే చిత్రకారులు గదులు తీసుకున్నారు. పెద్ద కార్ల కంపెనీలు 2000 తర్వాత వచ్చాయి. ఈలోపు ఆ మిల్లు పడిపోకుండా నిలబడింది.

ఇది మనకేం కొత్త కాదండీ. వేటపాలెంలోని సారస్వత నికేతనం గ్రంథాలయం 1918లో యువజన సంఘంగానే మొదలైంది. ఆ తర్వాత 1929లో గాంధీగారు దాని భవనానికి శంకుస్థాపన చేశారు. చిన్న చేనేత ఊళ్లో కుర్రాళ్లు ముందు కూడారు, గోడలు తర్వాత లేచాయి.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. కౌలుకి తీసుకున్నాక మొదటి పని రంగులు కాదు, కప్పు, తూము, కరెంటు వైరింగు. పలకల షెడ్డయితే రాతి పొడిని పొడి చీపురుతో ఊడవకండి, ఊపిరితిత్తులకు ప్రమాదం. తడిపి కడగండి. లీజుకి రిజిస్ట్రేషన్ సంగతి ముందే కనుక్కోండి, పదకొండు నెలలతో మొదలుపెట్టి నమ్మకం కుదిరాక పొడిగించుకోండి. కరెంటు మీటరు ఎవరి పేరున ఉందో, బిల్లు ఎవరు కట్టాలో ముందే రాసుకోండి. లోపల ఏం చెయ్యాలో కమిటీ పెద్దలు కాదు, పిల్లలే తేల్చుకోవాలి. నాటకం రిహార్సలో, స్క్రీన్ ప్రింటింగో, యూట్యూబ్ స్టూడియోనో. ఏ పంట వెయ్యాలో సాగు చేసేవాడికే తెలుసు.

ఇంకొక్కటి. ఊరు కోలుకున్నాక అద్దెలు పెరుగుతాయి, గడువు తీరగానే కాపలా కాసినవాళ్లే బయటికి పోవాల్సి వస్తుంది. లైప్‌జిగ్‌లో ఇప్పుడు ఇదే పెద్ద తగాదా. కాబట్టి గడువు తీరాక మొదటి అవకాశం వాళ్లకే ఇవ్వాలన్న షరతు మొదటి కాగితంలోనే పెట్టించుకోండి.